సంధిపత్రం అనుకున్న సత్రం కాగితం: ఒక కేస్ స్టడీ

ఇది గోదావరి తూర్పు డెల్టాలోని ఒక ఊరి సంగతి. ఊరి పేరు, ఇంటిపేరు, కాలువ పేరు రాయడం లేదు. ఒకటి రెండు వివరాలు కావాలనే మార్చాను. రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. ఒప్పుకుంటూ ఇంటి పెద్దావిడ ఒక్క షరతు పెట్టారు: "మా పరువు తీసేలా రాయకు నాయనా, అలాగని అబద్ధమూ రాయకు."

పాత రెవెన్యూ కాగితాలు చదివిపెట్టడం నా పని. 1982లో తాలూకా ఆఫీసు రికార్డు గదిలో గుమాస్తాగా చేరాను. రెండేళ్లకే, 1984లో, కరణాల ఉద్యోగాలు రద్దయ్యాయి. కరణాల ఇళ్ల నుంచి కవిలె కట్టలు, అంటే ఊరి లెక్కల పాత దస్త్రాలు, బళ్ల మీద, సైకిళ్ల మీద వచ్చి పడ్డాయి. వాటిని విడదీసి, దులిపి, చీటీలు అంటించే పని కొత్తవాడినని నా నెత్తిన పెట్టారు. గొలుసుకట్టు రాత, అంటే అక్షరాలు కలిపేసి రాసే పాత రాత, చదవడం ఆ దుమ్ములోనే అబ్బింది. పదవీ విరమణ తరవాత గుడి మాన్యాల తగాదాలకో, వాటాల పంపకాలకో జనం నా దగ్గరకు వస్తుంటారు. ఈమధ్య కొందరు కుటుంబ చరిత్రల కోసం కూడా వస్తున్నారు. ఈ కేసు ఆ మూడో రకం.

కుటుంబం, కోరిక

వచ్చినవాడు ముప్పైఅయిదేళ్ల కుర్రవాడు. నగరంలో కంప్యూటర్ ఉద్యోగం. నన్ను "మాస్టారూ" అని పిలిచాడు. నేను ఎవరికీ పాఠం చెప్పలేదు కానీ, మా ప్రాంతంలో కళ్లజోడు పెట్టుకుని కాగితాలు చదివే ప్రతివాడూ మాస్టారే.

అతనికి ఊళ్లో సగం కూలిన ఒక మేడ ఉంది. అందులో ఇప్పటికీ మామ్మగారు, అంటే అతని తండ్రి తల్లి, ఉంటున్నారు. తొంభై దాటిన మనిషి. ఊరి చివర కుటుంబం వారి సత్రం ఒకటుంది. మేడ ముందు గదిని బాగుచేసి పాత వస్తువులు పెట్టాలని, ఒక చిన్న పుస్తకం అచ్చువేయాలని, సత్రం ముందు శిలాఫలకం నిలపాలని అతని కోరిక. అన్నీ సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థం నాటికి కావాలి. చేతిలో నాలుగు నెలలుంది.

ఫలకం మీద చెక్కించాల్సిన మాటలు అతనే రాసుకొచ్చాడు. ఫలానా సంస్థానం, ఈస్టిండియా కంపెనీతో 1802లో సంధి, సంస్థాపక ప్రభువు ఫలానావారు. ఆ సంధిపత్రం ఇంట్లోనే ఉందన్నాడు. నేను చేయాల్సిందల్లా దాన్ని చదివి, తేదీ ఖాయం చేసి, పుస్తకానికి నాలుగు పేజీల ముందుమాట రాసిపెట్టడం.

సంస్థానం అనే మాట

కాగితం చూడకముందే నాకు ఒక అనుమానం ఉంది. దానికి కారణం చెప్పాలి.

గోదావరి డెల్టాలో బ్రిటిషువారి కాలంలో సంస్థానాధీశులు లేరు. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఇచ్చిన ఫర్మానాతో, 1766లో నిజాముతో చేసుకున్న ఒడంబడికతో ఉత్తర సర్కారులు, అంటే మా డెల్టాతో సహా ఉత్తర కోస్తా జిల్లాలు, కంపెనీకి దఖలు పడ్డాయి. ఒడంబడిక అంటూ జరిగింది ఆ స్థాయిలోనే. పెద్దాపురం, పిఠాపురం వంటి చోట్ల అంతకుముందు నుంచీ పాతుకుపోయిన ప్రభువులతో కంపెనీ మొదట్లో బేరసారాలు సాగించినా, చివరకు వారందరినీ ఒకే మూసలో పోసింది. ఆ మూస 1802 నాటి 25వ రెగ్యులేషను. దాని ప్రకారం జమీందారుకు సనదు, అంటే హక్కు పత్రం, ఇచ్చారు. భూమి మీద హక్కు శాశ్వతం, సర్కారుకు ఏటా కట్టాల్సిన సొమ్ము, అంటే పేష్కష్, కూడా శాశ్వతం. ఉప్పు, సుంకాలు, కల్లు సారాల మీది ఆబ్కారీ సర్కారు దగ్గరే ఉండిపోయాయి. పోలీసు అధికారం పోయింది. ఇది రాజుకు రాజు రాసిచ్చే కాగితం కాదు. శిస్తు వసూలు చేసి కిస్తులు కట్టే మనిషికి ప్రభుత్వం రాసిచ్చే కాగితం.

సర్కారు లెక్కలో అసలు సంస్థానం చూడాలంటే బనగానపల్లె వెళ్లాలి. మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న అయిదు సంస్థానాల్లో అదొకటి. తిరువాన్కూరు, కొచ్చిన్, పుదుక్కోట, సండూరు మిగతావి. విజయనగరం జమీందారీ పక్కన పెడితే బనగానపల్లె చాలా చిన్నది. అయినా నవాబు సంస్థానాధీశుడే, విజయనగరం ప్రభువు జమీందారే. ఎవరి భూమి ఎక్కువన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఎవరి కాగితం ఏ కచేరీకి వెళుతుందన్నదే లెక్క. జమీందారు దస్త్రం జిల్లా కలెక్టరు మీదుగా రెవెన్యూ బోర్డుకు వెళుతుంది, సంస్థానాధీశుడిది ఆ బోర్డుకు వెళ్లదు.

అయితే తెలుగులో "సంస్థానం" అనే మాట ఈ తేడాను పట్టించుకోలేదు. కవికి శాలువా కప్పిన ప్రతి దివాణమూ సంస్థానమే. పిఠాపురం సంస్థానం అంటాం, నిజాము కింద ఉన్న గద్వాల, వనపర్తిలనూ సంస్థానాలే అంటాం. అందులో తప్పేమీ లేదు. ఆ మాట మర్యాదను చెబుతుంది, హోదాను చెప్పదు. కుర్రవాడు మర్యాద మాటను హోదా మాటగా చదువుకున్నాడు. ఇక్కడిదాకా నా అనుమానం సబబే. ఆ తరవాత నేనే జారాను.

నా మొదటి తప్పు

అతను కాగితాన్ని ఫోనులో ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపాడు. మూడు ఠావులు. రాత్రి భోజనమయ్యాక మంచం మీద పడుకుని వేళ్లతో పెద్దది చేసుకుంటూ చూశాను. గొలుసుకట్టు బాగానే చదవడానికి వచ్చింది. మొదటి ఠావు అడుగున సంవత్సరం కనిపించింది: దుందుభి. ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరపు అంకె, వేయలేదు.

1802 దుందుభి అని నాకు నోటికి వచ్చు. సనదుల సంవత్సరం కదా! రెండో ఠావులో "కుంఫిణీ", అంటే కంపెనీ, అన్న మాట తగిలింది. దాని కింద వాళ్ల మూలపురుషుడి పేరు, పక్కనే "యేర్పాటు". గుండె ఝల్లుమంది. నలభై ఏళ్లలో ముఠా ఎస్టేటు, అంటే కొన్ని ఊళ్లు కలిపి కట్టిన చిన్న జమీందారీ, మూలపత్రం ఒక్కటి కూడా నా చేతిలోకి రాలేదు. తెల్లవారగానే ఫోను చేసి, "1802 అయి ఉండవచ్చు బాబూ, అపురూపమైన కాగితం" అన్నాను.

నేను "ఉండవచ్చు" అన్నాను. అతను "1802" విన్నాడు. ఆ మధ్యాహ్నమే రాయికి బయానా ఇచ్చేశాడు.

అరవై ఏళ్ల చక్రంలో దుందుభి 1802లో వచ్చింది, 1862లో వచ్చింది, 1922లో వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన 1982 కూడా దుందుభే. తీసుకున్న మొదటి జీతం కూడా దుందుభిలోనిదే, ఆ సంగతీ గుర్తుకు రాలేదు! ఫసలీ ఉంటే ఈ చిక్కు లేదు. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది జూలైలో మొదలయ్యే సంవత్సరం వచ్చేస్తుంది. ఫసలీ లేని చోట చక్రాన్ని వేరే ఆధారంతో బిగించాలి. ఆ పని చేయకుండానే నాకు నచ్చిన దుందుభిని ఎంచుకున్నాను.

తేదీని నిలబెట్టడం

నాకొక అలవాటు ఉంది: చదివిన కాగితానికి పెన్సిలుతో నకలు రాయడం. కంటితో చదివేటప్పుడు మనసు ముందుకు పరిగెత్తుతుంది, చేత్తో రాసేటప్పుడు అది కుదరదు. వారం తరవాత తీరికగా నకలు రాస్తుంటే రెండో ఠావులో పెన్సిలు ఆగింది. "కుంఫిణీవారి కాలమందు" అని ఉంది. కంపెనీ రాజ్యంలో బతుకుతున్నవాడు కంపెనీవారి కాలంలో అని రాయడు. మన ఇంట్లో ఉన్న తాతగారిని "తాతగారి కాలంలో" అంటామా? 1858లో పరిపాలన రాణి చేతికి వెళ్లిన తరవాత రాసిన మాట ఇది.

అయినా ఒక్క మాట మీద తేదీ మార్చకూడదు. మొదట ఒక్క మాట చూసే కదా తప్పు చేశాను. హద్దుల దగ్గరకు వెళ్లాను. హద్దులు రాసేటప్పుడు ఎవరూ గొప్పలు చెప్పుకోరు, అందుకే అవి నాకు ఇష్టం. ఉత్తరం కాలువ అని ఉంది. అది చాలదు, ఆనకట్టకు ముందు కూడా ఏళ్లను, మురుగు పాయలను కాలువలనే అనేవారు. తూర్పు హద్దు దగ్గర దొరికింది: "లాకుకు పోవు దారి". లాకు, అంటే కాలువలో పడవలను ఎత్తు మార్చి దాటించే తలుపుల కట్టడం! డెల్టాలో పుట్టినవాడికి ఈ మాట ఇంగ్లీషు నుంచి వచ్చిందని కూడా తోచదు. కానీ కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852లో ముగించాక, పడవలు నడిచే కాలువలతో పాటే ఆ మాట మా ఊళ్లకు వచ్చింది. 1802లో ఇక్కడ లాకూ లేదు, లాకుకు పోయే దారీ లేదు.

మూడో ఆధారం కూడా వెతికాను. సొమ్మంతా రూపాయల్లో ఉంది, వరహాల మాట లేదు. మద్రాసు ప్రభుత్వం లెక్కలను రూపాయల్లోకి మార్చింది 1818లో. అయితే మచిలీపట్నం టంకసాలలో అంతకుముందే రూపాయలు అచ్చయ్యేవి కనుక దీన్ని బలమైన సాక్ష్యంగా తీసుకోలేదు. పక్కన పెట్టాను.

అప్పుడు కుర్రవాడికి ఫోను చేసి అడగాల్సిన ప్రశ్న అడిగాను: "మొత్తం ఎన్ని ఠావులు? వెనక వైపు ఏమైనా ఉందా?" నాలుగో ఠావు ఉందట. లెక్కల కాగితమని, పనికిరాదని ఫొటో తీయలేదట. నాలుగో ఠావులో సత్రం భూమి విస్తీర్ణం, రోజుకు ఎందరు బాటసారులకు అన్నం పెడుతున్నదీ, ధర్మకర్త పేరు ఉన్నాయి. మొదటి ఠావు వెనక ఇంగ్లీషు రాతలో ఒక నంబరు, పక్కన మాన్యాలను విచారించిన ఇనాం కమిషను గుమాస్తా పొడి సంతకం.

1862 సందేహం లేకుండా తేలింది. ఆ మాట చెప్పగానే కుర్రవాడు మరో దారి తొక్కాడు. 1862లోనే కదా వైస్రాయి కానింగు ప్రభువు సంస్థానాధీశులకు దత్తత సనదులు, అంటే కొడుకులు లేకపోతే దత్తత చేసుకునే హక్కు పత్రాలు, ఇచ్చింది, ఇది అదేమో! తెలివైన ప్రశ్న, సంతోషమేసింది కూడా. కానీ సనదు పైనుంచి కిందికి వస్తుంది. ఈ కాగితం కిందినుంచి పైకి వెళ్లింది. ఫొటోలో కోసుకుపోయిన మొదటి పంక్తిలో దొరవారి సముఖమునకు అన్న సంబోధన ఉంది. అది విన్నపం.

రాజ్యం ఎక్కడ పుట్టింది?

ఈ కేసులో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. కాబట్టి కొంచెం నిదానిస్తాను.

1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషను వేసి, ఊరూరా మాన్యాలను విచారించింది. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, దేనికిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు. జమీందారీ ఊళ్లలో ఒక ప్రశ్న ప్రాణం మీదికి తెచ్చేది: మాన్యం 1802 సనదుకు ముందిదా, తరవాతిదా? ముందిదైతే అది ఎస్టేటు లెక్కలో చేరదు. కమిషను ఖాయం చేసి పట్టా ఇస్తుంది. తరవాతిదైతే, అంటే జమీందారు తన ఎస్టేటులోంచి ఇచ్చిన దర్మిలా ఇనాం అయితే, కమిషను దాని జోలికి రాదు. దాత వారసుడు ఎప్పుడైనా వెనక్కి లాక్కోవాలని చూడవచ్చు.

విన్నపం రాసినవాడు ఎస్టేటుదారు కాదు, చిన్నవాటా దాయాది. సత్రం అతని చేతిలో ఉంది. ఎస్టేటు పెద్దవాటా చేతిలో ఉంది. భూమి 1802కు ముందే ఇచ్చిందని నిలబెట్టకపోతే పెద్దవాటా దయ మీద బతకాలి. ముందే ఇచ్చారంటే ఇచ్చినవాడికి అప్పుడే ఆ భూమి మీద అధికారం ఉండాలి. కాబట్టి తన ముత్తాత కుంఫిణీకి ముందే ఈ నేలను ఏలినట్టు, కుంఫిణీ వచ్చి ఆయనతో "యేర్పాటు" చేసుకున్నట్టు రాశాడు.

అంటే ఈ కుటుంబపు రాజ్యం పుట్టింది 1862లో, ఒక సత్రం భూమిని దాయాది నుంచి కాపాడుకోవడానికి. అన్నం పెట్టే సత్రం కోసం ఆడిన అబద్ధం. నాకైతే ఆయన మీద కోపం రాలేదు. ఇనాం రిజిస్టరు నకలు తెప్పించాను. కమిషను మాన్యాన్ని దీర్ఘకాలపు అనుభవం మీద ఖాయం చేసింది. దాత పేరు రాయాల్సిన గడిలో గుమాస్తా "తెలియదు" అని రాసి ఊరుకున్నాడు. ఇంత కష్టపడి కట్టిన రాజ్యాన్ని ఆ గుమాస్తా అసలు పట్టించుకోనే లేదు!

ఉత్తరం బెడిసికొట్టింది

ఇదంతా రెండు పేజీల ఉత్తరంగా రాసి పంపాను. వరస నంబర్లు వేసి, బనగానపల్లె పోలికతో సహా. మీ ఊరు రాజమండ్రి చుట్టుపక్కల హవేలీ భూముల్లోది, అంటే జమీందారు చేతిలో లేక సర్కారు సొంతంగా ఉన్నవాటిలోది, కావచ్చని, హవేలీ గ్రామాలను ముఠాలుగా కోసి 1802-03లో వేలం వేశారు కనుక మీ పూర్వీకుడు కొనుక్కున్నవాడే కావచ్చని కూడా రాశాను.

మూడు వారాలు జవాబు లేదు. తరవాత ఒక్క వాక్యం వచ్చింది: "మాస్టారూ, మీరు ఎవరి తరఫున రాస్తున్నారు?"

నా ఉత్తరంలో ఒక్క అబద్ధమూ లేదు, అయినా అది చెడ్డ ఉత్తరం. మూడు తరాలుగా గోడకు వేలాడుతున్న పటాన్ని దించేశాను, ఆ మేకుకు తగిలించడానికి వేరేదేమీ ఇవ్వలేదు. అంతకన్నా పెద్ద తప్పు, వేలం సంగతి నా దగ్గర ఆధారం లేకుండా రాశాను. "కావచ్చు" అనే మాట ఈ కుర్రవాడి దగ్గర ఎలా పనిచేస్తుందో ఒకసారి చూసి కూడా మళ్లీ అదే చేశాను.

ఇక్కడ కేసు వదిలేయవచ్చు. వదలకపోవడానికి కారణం పట్టుదల కాదు, రాయి. నా మాట మీద బయానా ఇచ్చిన రాయి అక్కడ చెక్కుడు పడుతోంది.

చెన్నై ఎగ్మూరులోని రికార్డు ఆఫీసులో రెండు రోజులు కూర్చున్నాను. గోదావరి జిల్లా పాత సంపుటాల్లో హవేలీ ముఠాల వేలం వివరాలు చూశాను. ఏడు ఊళ్ల ముఠా ఒకటి, అందులో ఈ ఊరు ఉంది. పాడుకున్నవాడి పేరు మూలపురుషుడి పేరే. ధాన్యం గుత్తకు పట్టే వర్తకుడు. వేలానికి ముందు ఆ ఊళ్లు అమానీలో, అంటే సర్కారు సొంత అజమాయిషీలో ఉన్నాయి. ఇక "కావచ్చు" లేదు.

చాప మీద కాగితాలు

ఈసారి ఉత్తరం రాయలేదు. మేడకు వెళతానని, మామ్మగారు కూడా ఉండాలని అడిగాను. నాకు కావలసింది ఆమె ఒప్పుదల కాదు. ఇంటి మాటలు ఆమెకు తెలుసు, మనవడికి తెలియవు, నాకు అసలే తెలియవు.

భోషాణంలోంచి కాగితాలన్నీ తీయించి చాప మీద సంవత్సరాల వరసన పరిచాను. ఏదీ వివరించలేదు. కుర్రవాడు ముభావంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అన్నిటికన్నా పాతది ఒక కిస్తు రసీదు, ఫసలీ 1213. "అంటే 1803," అన్నాడు అతనే. 590 కలపడం అప్పటికి నేర్చుకున్నాడు. అంతకుముందు ఏమీ లేదు. లేకపోవడం సాక్ష్యం కాదని నేనే చెప్పి, వేలం నకలు దాని ఎడమపక్కన పెట్టాను.

మామ్మగారు కళ్లజోడు సరిచేసుకుని, "వేలంపాటే కదా. అందుకేగా మనల్ని పాటవారు అనేది!" అన్నారు.

ఊళ్లో ఆ ఇంటిని పాటవారి మేడ అంటారు. ఈ ఒక్క పేరు వారి అనుమతితో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పూర్వీకులు సంగీతప్రియులని, మేడలో గానసభలు జరిగేవని, అందుకే పాటవారి మేడ అని కుర్రవాడి తండ్రి చెప్పేవారట. మేడలో "కచేరీ సావడి" అనే గది కూడా ఉంది, దానికి వాయిద్యాల బొమ్మలు పెట్టాలని మనవడు అనుకున్నాడు. పాట వేలంపాట, కచేరీ శిస్తు వసూళ్ల కచేరీ. తెలుగులో రెండు మాటలకూ రెండేసి అర్థాలు ఉండబట్టి ఒక ధాన్యం వర్తకుడి కార్యాలయం రెండు తరాల్లో సంగీతశాల అయిపోయింది!

"నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో మా అత్తగారికి ఆ పేరంటే చిరాకు," అన్నారు మామ్మగారు. "ఎవరైనా దెప్పితే మాత్రం ఊరుకునేవారు కాదు. పాడి కొన్నాం, దోచుకోలేదు అనేవారు."

గోడకు ఆనుకున్న కుర్రవాడు వచ్చి చాప మీద కూర్చున్నాడు. నా రెండు పేజీల ఉత్తరం చేయలేని పని ఆ ఒక్క వాక్యం చేసింది.

తరవాత సాయంత్రం దాకా రసీదులు చూశాం. ఆ వేలంలో ముఠాలు కొన్నవారిలో చాలామంది కొన్నేళ్లలో చేతులెత్తేశారు. పేష్కష్ వానను చూడదు, వరదను చూడదు. బకాయి పడితే జప్తు, జప్తు తరవాత మళ్లీ వేలం. పెద్దాపురమంత జమీందారీలో చాలా భాగమే 19వ శతాబ్దం నడిమికి సర్కారు పరమైంది. ఈ ఏడు ఊళ్ల ముఠా మాత్రం 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం దాకా నిలిచింది. ఎలా? జవాబు ఒక తాకట్టు పత్రంలో ఉంది. నందన నామ సంవత్సరం, అంటే 1832-33. నందన కరువు. కిస్తు కట్టడానికి ఇంటి ఆడవారి నగలు కుదువ పెట్టారు: వడ్డాణం, కంటె, కాసులపేరు. విడిపించిన కాగితం కోసం మామ్మగారు చాపంతా వెతికించారు. వడ్డాణానికి ఉంది, కంటెకు ఉంది.

"కాసులపేరు రాలేదన్నమాట," అన్నారు. రెండు వందల ఏళ్ల నాటి నగ నిన్న పోయినట్టు అన్నారు.

రైతుల అర్జీ

పుస్తకం అక్కడితో సుఖంగా ముగించవచ్చు. కష్టపడి నిలబడ్డ కుటుంబం, నగలు తాకట్టు పెట్టిన ఇల్లాళ్లు. కానీ నా దగ్గర మరో కాగితం ఉంది. 1984లో చీటీ అంటించిన ఈ ఊరి కరణంగారి కట్టలోనే అది ఉందని నాకు గుర్తుంది, వెళ్లి అనుమతితో నకలు తెచ్చుకున్నాను. ఫసలీ 1253, అంటే 1843-44. జిల్లా ఎందుకు ఇంత దిగజారిందో తేల్చడానికి హెన్రీ మాంట్‌గోమరీ వచ్చి విచారణ జరిపిన రోజులు. ఆయన నివేదిక తరవాతే ఆనకట్ట ఆలోచన ఊపందుకుంది. ఆ అర్జీలో రైతులు చెప్పింది ఒక్కటే: కళ్లంలో రాజభాగం కొలిచే కుంచం వేరు, రైతు భాగం కొలిచే కుంచం వేరు. మొదటిది పెద్దది.

దీన్ని పుస్తకంలో పెట్టాలా వద్దా అన్నది ఈ కేసులో కష్టమైన నిర్ణయం. కుర్రవాడు వద్దన్నాడు. అర్జీ ఒకవైపు మాటే కదా, విచారణలో ఏం తేలిందో లేదు కదా అన్నాడు. న్యాయమైన అభ్యంతరమే. కానీ 1862 విన్నపం కూడా ఒకవైపు మాటే, దాన్ని రాతి మీద చెక్కించబోయాం. ఒకవైపు మాట అని చెప్పి వేయడం ఒక పద్ధతి, అసలు వేయకపోవడం ఇంకొకటి. అదీకాక, రసీదుల మీది సొమ్ము ఎక్కడిదో ఆ అర్జీ చెబుతోంది. నగలు కరువు ఏడాది ఒక్క కిస్తును దాటించాయి, మిగతా ఏళ్లన్నీ దాటించింది కళ్లం. అర్జీ తీసేస్తే నా పేరు కూడా తీసేయమన్నాను. బెదిరింపులా అనిపించి ఉంటుంది, కొంత అదే.

తీర్పు మామ్మగారిది. "ఆ కుంచం మన అటక మీద ఉందేమో చూడరా," అన్నారు మనవడితో. అటక మీద కుంచాలు దొరికాయి కానీ అవి ఏ కాలానివో చెప్పలేం. ముందు గదిలో వాటినీ పెట్టాం, కాలం రాయలేదు. అర్జీ పుస్తకంలోకి వెళ్లింది, రసీదులకు ఎదురు పేజీలో.

ఇప్పుడు నేను చేసేవి

ఈ కేసు తరవాత ఫొటోలు చూసి తేదీ చెప్పడం మానేశాను. అడిగితే, అన్ని ఠావులూ, రెండు వైపులా, అంచులతో సహా వచ్చేదాకా చదవనంటాను. కొందరికి అది గర్వంలా కనిపిస్తోంది. పనికిరాదని పక్కన పెట్టిన ఠావును ముందుగా అడుగుతాను. ఇంటివాళ్లు దాచుకున్న కాగితం వాళ్లకు కావలసిన సంగతి చెబుతుంది, విసిరేసినది దానికి సొంతమైన సంగతి చెబుతుంది.

కాగితంలో ఏముందో చదివేముందు ఇది ఎవరి బల్ల మీదికి వెళ్లడానికి రాసిందో చూస్తాను. సంబోధన, వెనక నంబరు, పొడి సంతకం. ఈ మూడూ మొదటి రోజే చూసి ఉంటే రాజ్యం మాట పుట్టేది కాదు. అలాగే, ఏ మాట చూసి నాకు సంబరం కలిగిందో ఆ మాటను చివరికి వాయిదా వేసి, హద్దులు ముందు చదువుతాను.

కుటుంబాలతో మాట్లాడే విషయంలో నేను ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. ఇంటిపేర్ల గురించి, గదుల పేర్ల గురించి మాత్రం మొదటి రోజే అడుగుతున్నాను, అదీ ఆడవారిని. కోడళ్లుగా వచ్చినవారికి ఆ ఇంటి పేర్లు కొత్తగా వినపడతాయి కాబట్టి అర్థం అడిగి తెలుసుకుంటారు. అక్కడే పుట్టినవాళ్లు అడగరు.

ఫలకం

సంస్థానం అన్న మాట ఫలకం మీద ఉంచాలా అన్నదానికి చివరి దాకా వాదన నడిచింది. నేను వద్దన్నాను, అతను మర్యాదగానైనా ఉండనివ్వమన్నాడు. ఊళ్లో పెద్దవాళ్లు ఏమనేవారని మామ్మగారిని అడిగితే, "దివాణం అనేవారు" అన్నారు. అది ఇద్దరికీ నచ్చింది. కొత్త రాయి మీద దివాణం పేరు, ముఠా వేలంలో కొన్న సంవత్సరం, సత్రం మాన్యాన్ని ఇనాం కమిషను ఖాయం చేసిన సంగతి చెక్కించారు. దాత పేరు చెక్కలేదు.

షష్ఠి తీర్థానికి ముందురోజు వెళ్లాను. మొదటి రాయి ఏమైందని అడిగాను. బయానా పోయింది నా వల్లే కదా. అప్పటికే దాని మీద పై పంక్తి, "సంధి" అన్న మాట దాకా చెక్కడం అయిపోయిందట. మంచి రాయి, పారేయబుద్ధి కాలేదట. బోర్లా తిప్పి సత్రం ముందు మెట్టుగా వేయించారు. తీర్థానికి వచ్చినవాళ్లు దాని మీద కాళ్లు కడుక్కుని లోపలికి భోజనానికి వెళుతున్నారు.